సగటు మోసం చేసే నడక

వైకుంఠపాళి ఆడని వాళ్ళు మీలో ఎవరూ ఉండరు. ఆ ఆటలో అదృష్టం రెండు చోట్ల ఉంటుంది. ఒకటి చేతిలోని పాచికలో. వేసిన ప్రతిసారీ కొత్త పందెం పడుతుంది. ఇందాక పడినదానితో దానికి సంబంధం లేదు. రెండవది పటం మీద. పాములూ నిచ్చెనలూ ఎక్కడుండాలో పటం గీసినవారు ఒక్కసారే నిర్ణయించారు. ఆట మధ్యలో పాము తన గడి వదిలి ఇంకో గడికి పోదు. మీరు వందసార్లు కిందికి జారి మళ్ళీ వచ్చినా, అది అక్కడే నోరు తెరుచుకొని ఉంటుంది.

చేతిలోని అదృష్టం వేరు, నేల మీది అదృష్టం వేరు. ఈ తేడా చిన్నదిగానే కనబడుతుంది. కానీ దాని నుంచి గణితశాస్త్రంలో ఒక పెద్ద అధ్యాయం పుట్టింది. అందులోని కొన్ని ప్రశ్నలకు ఈనాటికీ జవాబు దొరకలేదు. ఆ ప్రశ్నలు ఏమిటో అర్థం చేసుకోవడానికి మాత్రం తొమ్మిదో తరగతి బీజగణితం చాలు. ఒక పెన్సిలు, కాగితం, రెండు రూపాయి బిళ్ళలు, ఒక చింతపిక్క దగ్గర పెట్టుకోండి.

మొదట మామూలు నడక

కాగితం మీద సంఖ్యారేఖ గీయండి. సున్న దగ్గర చింతపిక్క పెట్టండి. అదే మన బాటసారి. ఒక బిళ్ళ ఎగరవేయండి. బొమ్మ పడితే పిక్కను ఒక గడి కుడికి, బొరుసు పడితే ఒక గడి ఎడమకు జరపండి. మళ్ళీ ఎగరవేయండి, మళ్ళీ జరపండి. దీనిని యాదృచ్ఛిక నడక అంటారు. ఇంగ్లండుకు చెందిన కార్ల్ పియర్సన్ 1905లో ‘నేచర్’ పత్రికలో ఇలాంటి నడక గురించి ప్రశ్న వేస్తూ ఈ పేరు వాడాడు. అదే సంవత్సరం ఐన్‌స్టీన్, నీటిలో తేలే సన్నని రేణువులు ఎందుకు నిలకడ లేకుండా కదులుతాయో ఈ మాదిరి నడకతోనే వివరించాడు.

వంద అడుగుల తర్వాత పిక్క ఎంత దూరంలో ఉంటుంది? కచ్చితంగా చెప్పలేం. కానీ ఏ మాత్రం దూరంలో ఉంటుందో అంచనా వేయవచ్చు. ఇలా చూడండి.

పిక్క ఇప్పుడు ‘క’ అనే సంఖ్య దగ్గర ఉందనుకోండి. తరువాతి అడుగుతో అది క + 1 దగ్గరకో, క − 1 దగ్గరకో సమాన అవకాశంతో పోతుంది. అంటే దూరపు వర్గం (క + 1)² కావచ్చు, (క − 1)² కావచ్చు. రెండింటినీ విస్తరించి సగటు తీయండి. 2క లు కొట్టుకుపోయి క² + 1 మిగులుతుంది. ఇంతకుముందు క² ఉండేది, ఇప్పుడు క² + 1 అయింది. అంటే అడుగు అడుగుకూ దూరపు వర్గం సగటున 1 చొప్పున పెరుగుతుంది!

కనుక 100 అడుగులకు దూరపు వర్గం సగటున 100. దూరం 10 గడుల ప్రాంతంలో ఉంటుంది. 10,000 అడుగులకు 100 గడులు, 10 లక్షల అడుగులకు 1,000 గడులు. దీనిని మనం వర్గమూల నియమం అని పిలుచుకుందాం.

ఇంకో విశేషం కూడా ఉంది. ఒక్క బాటసారి ఎక్కడుంటాడో ఎవరూ చెప్పలేరు. కానీ పెద్ద గుంపును నడిపిస్తే, వారు ఏ గడిలో ఎంతమంది నిలబడ్డారో గీసిన పటం గంట ఆకారంలో వస్తుంది. 10,000 అడుగులు నడిచినవారిలో నూటికి సుమారు 68 మంది బయలుదేరిన చోటికి 100 గడుల లోపలే ఉంటారు. బిళ్ళల లెక్కలో ఈ గంట ఆకారాన్ని డిమోయర్ 1733లోనే కనిపెట్టాడు. ఇలా అడుగుల సంఖ్య అంతులేకుండా పెరిగే కొద్దీ ఏ నియమం స్థిరపడుతుందో చెప్పే సిద్ధాంతాలను అవధి సిద్ధాంతాలు అంటారు.

ఈ నియమం ఎందుకు నిలబడుతుంది? ప్రతి అడుగుకూ బిళ్ళ కొత్తగా పడుతుంది కాబట్టి. ఒకసారి కుడికి ఎక్కువైతే ఇంకోసారి ఎడమకు ఎక్కువవుతుంది. చాలావరకు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి.

నేలకు స్వభావం పెడదాం

ఇప్పుడు ఆటను కొంచెం మారుద్దాం. సంఖ్యారేఖ మీది ప్రతి గడికీ ఒక్కసారి బిళ్ళ ఎగరవేసి, బొమ్మ పడితే ఆ గడిలో కుడి బాణం, బొరుసు పడితే ఎడమ బాణం గీయండి. సిరాతో గీయండి. ఇక వాటిని మార్చకూడదు.

నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ రెండు బిళ్ళలు కలిపి ఎగరవేయండి. రెండూ బొమ్మలు పడితే పిక్క తానున్న గడిలోని బాణానికి ఎదురుగా నడవాలి. మిగిలిన మూడు సందర్భాలలోనూ బాణం చూపిన వైపే నడవాలి. అంటే బాణం వెంట పోయే అవకాశం 3/4, ఎదురుపోయే అవకాశం 1/4.

దీనికి శాస్త్రంలో యాదృచ్ఛిక పరిసరంలో యాదృచ్ఛిక నడక అని పేరు. ఇది ఊరికే పుట్టిన ఆట కాదు. జీవకణంలో పొడవైన డి.ఎన్.ఏ. గొలుసుకు నకలు తయారయ్యే పద్ధతికి నమూనాగా 1967లో సోవియట్ శాస్త్రజ్ఞుడు చెర్నోవ్ దీనిని ప్రతిపాదించాడు. గొలుసు మీద ఏ భాగం తర్వాత ఏ భాగం ఉందో ముందే నిర్ణయమై ఉంటుంది. నకలు చేసే పని ఒకచోట సులభంగా ముందుకు సాగుతుంది, ఇంకోచోట వెనక్కి జారుతుంది.

ఒక సంగతి గమనించండి. అడుగు వేసే ముందు ప్రతిసారీ బాణాలను కొత్తగా గీస్తే ఏమవుతుంది? కుడికి పోయే అవకాశం (1/2 × 3/4) + (1/2 × 1/4) = 1/2. మళ్ళీ మామూలు నడకే! బాణాలు మారకుండా నిలిచి ఉండటంలోనే అసలు కిటుకు ఉంది.

చిన్న గుట్ట, పెద్ద శిక్ష

బాటసారి కుడివైపు పోవాలి. ఎదురుగా వరుసగా కొన్ని ఎడమ బాణాల గడులు వచ్చాయి. దీనిని గుట్ట అందాం. మొదటి గడి మీద కాలు పెట్టిన తర్వాత, వెనక్కి జారి గుట్ట దిగిపోకుండా ఆవలికి చేరే అవకాశం ఎంత?

గుట్టలో ఒకే గడి ఉంటే అవకాశం 1/4. అంటే సగటున 4 ప్రయత్నాలు.

రెండు గడులుంటే? మొదటి గడి నుంచి గెలిచే అవకాశం ‘ప’, రెండవ గడి నుంచి గెలిచే అవకాశం ‘ఫ’ అనుకోండి. మొదటి గడి నుంచి గెలవాలంటే ముందు రెండవ గడికి పోవాలి. కనుక ప = ఫ/4. రెండవ గడి నుంచి 1/4 అవకాశంతో ఆవలికి చేరతాం, 3/4 అవకాశంతో మొదటి గడికి తిరిగి వస్తాం. కనుక ఫ = 1/4 + 3ప/4. ఈ రెండు సమీకరణాలనూ సాధిస్తే ప = 1/13. అంటే సగటున 13 ప్రయత్నాలు.

ఇలాగే మూడు గడులకు 40, నాలుగింటికి 121, అయిదింటికి 364 ప్రయత్నాలు కావాలి. వరుస గమనించారా? ప్రతిసారీ ముందున్న సంఖ్యను 3తో హెచ్చించి 1 కలపాలి. పది గడుల గుట్టకు 88,573 ప్రయత్నాలు! గుట్ట ఒక్క గడి పెరిగితే శిక్ష మూడింతలవుతుంది.

సగటు చెప్పిన అబద్ధం

ఇప్పుడు నేలను కుడివైపు మొగ్గేలా తయారు చేద్దాం. ఒక డబ్బాలో అయిదు చీటీలు వేయండి. మూడింటి మీద కుడి బాణం, రెండింటి మీద ఎడమ బాణం ఉండాలి. ప్రతి గడికీ ఒక చీటీ తీసి, అందులోని బాణం గీసి, చీటీని తిరిగి డబ్బాలో వేయండి. నూటికి 60 గడులు కుడికి, 40 గడులు ఎడమకు తోస్తాయి. బాటసారి ఎంత వేగంగా కుడికి పోతాడు?

వెంటనే తోచే లెక్క ఇది. కుడి బాణపు గడిలో సగటు కదలిక 3/4 − 1/4 = 1/2 గడి కుడికి. ఎడమ బాణపు గడిలో 1/2 గడి ఎడమకు. నూరు గడులకు సగటు తీస్తే (30 − 20)/100 = 1/10. అంటే పది అడుగులకు ఒక గడి. 10 లక్షల అడుగులకు లక్ష గడులు!

ఈ లెక్క పూర్తిగా తప్పు. 1975లో ఫ్రెడ్ సాలమన్ నిరూపించిన ఫలితం ప్రకారం, ఈ నేల మీద బాటసారి చివరకు కుడివైపే పోతాడు, ఎంత దూరమైనా పోతాడు. కానీ అతని వేగం సున్న! అంటే నడిచిన దూరాన్ని అడుగుల సంఖ్యతో భాగిస్తే, అడుగులు పెరిగే కొద్దీ ఆ భాగఫలం సున్నకు దగ్గరవుతూ పోతుంది. అదే సంవత్సరం కెస్టెన్, కోజ్లోవ్, స్పిట్జర్ అనే ముగ్గురు గణితజ్ఞులు ఇలాంటి నడకల దూరం ఎలా పెరుగుతుందో లెక్క కట్టే దారి చూపారు. మన ఉదాహరణకు అది అడుగుల సంఖ్య యొక్క సుమారు 0.37వ ఘాతంగా పెరుగుతుంది. వర్గమూలమంటే 0.5వ ఘాతం కదా! అంటే కుడివైపు తోపు ఉన్న ఈ బాటసారి, ఏ తోపూ లేని మామూలు బాటసారి కంటే కూడా నెమ్మదిగా దూరమవుతాడు. 10 లక్షల అడుగులు నడిచినా దూరం లక్షల్లో కాదు, వందల స్థాయిలోనే ఉంటుంది.

మన లెక్కలో తప్పు ఎక్కడ? గడులన్నిటినీ సమానంగా లెక్కపెట్టాం. కానీ బాటసారి అన్ని గడుల మీదా సమానంగా నిలబడడు. గుట్టల ముందే ఎక్కువసేపు తచ్చాడుతాడు. ఊరికి పోయే బస్సు రోడ్డు మీద ఎంత వేగంగా పరుగెత్తినా, దారిలో ఒక్క రైల్వే గేటు గంటసేపు ఆపితే మన ప్రయాణ కాలమంతా ఆ గేటు దగ్గరే గడిచినట్టు కదా!

పెద్ద గుట్టలు అరుదే. గుట్టలో ఒక గడి పెరిగితే, అలాంటి గుట్ట కనబడే అవకాశం 0.4 వంతుకు తగ్గుతుంది. కానీ శిక్ష 3 రెట్లు పెరుగుతుంది. 3 × 0.4 = 1.2. ఇది 1 కంటే ఎక్కువ. అందుకే గుట్ట అరుదైన కొద్దీ, మొత్తం కాలంలో అది మింగే భాగం పెరుగుతూనే ఉంటుంది.

డబ్బాలో నాలుగు కుడి చీటీలు, ఒక ఎడమ చీటీ వేస్తే? 3 × 0.2 = 0.6. ఇది 1 కంటే తక్కువ. ఇప్పుడు బాటసారికి నిజంగానే వేగం ఉంటుంది. అయితే తేలిక లెక్క చెప్పే వేగం అడుగుకు 3/10 గడి, అసలు వేగం 1/14 గడి మాత్రమే. మధ్య మధ్య కుడి బాణాలు కలిసిన గుట్టలు కూడా అడ్డుపడతాయి కనుక, అన్నీ లెక్కలోకి తీసుకుంటే సరిహద్దు సరిగ్గా 75 దగ్గర వస్తుంది. కుడి బాణాలు నూటికి 50 దాటి, 75 దాటకుండా ఉన్నంతవరకు బాటసారి కుడికే పోతాడు, వేగం మాత్రం సున్న.

సీనాయ్ చూపిన లోయలు

ఇక కుడి, ఎడమ బాణాలు సగం సగం ఉన్న నేల దగ్గరకు వద్దాం. ఈ నేలను ఎత్తుపల్లాలుగా గీయండి. ఎడమ నుంచి కుడికి పోతూ, కుడి బాణం వస్తే ఒక మెట్టు దిగండి, ఎడమ బాణం వస్తే ఒక మెట్టు ఎక్కండి. కొండలూ లోయలూ ఉన్న పటం వస్తుంది. బాటసారికి పల్లానికి దిగడం తేలిక, ఎత్తు ఎక్కడం కష్టం.

ఈ ఎత్తు ఎలా మారుతోంది? బిళ్ళ చెప్పినట్టు ఒక మెట్టు పైకో కిందికో. అంటే ఎత్తు మన మామూలు నడకనే నడుస్తోంది! కాబట్టి వర్గమూల నియమం ప్రకారం 100 గడుల దూరంలో 10 మెట్ల ఎత్తు కొండలు, 400 గడుల దూరంలో 20 మెట్ల ఎత్తు కొండలు ఎదురవుతాయి. ఒక్కొక్క మెట్టుకూ కష్టం మూడింతలు. 10 లక్షల అడుగులతో ఎంత ఎత్తు దాటగలం? 3ను 12 సార్లు హెచ్చిస్తే 5,31,441. 13 సార్లు హెచ్చిస్తే 15,94,323. కనుక పన్నెండు, పదమూడు మెట్లు. అంత ఎత్తు కొండ సుమారు 150, 160 గడుల దూరంలోనే వస్తుంది. బాటసారి అక్కడే చిక్కుకుంటాడు. లక్ష కోట్ల అడుగులు నడిచినా దాటగలిగేది 25 మెట్లు, దూరం 630 గడుల ప్రాంతం. మామూలు బాటసారి అప్పటికి 10 లక్షల గడుల దూరంలో ఉంటాడు!

మనం వేసింది ముతక అంచనా. దూరం అడుగుల సంఖ్య యొక్క సంవర్గమానపు వర్గంగా పెరుగుతుందని యాకోవ్ సీనాయ్ 1982లో కచ్చితంగా నిరూపించాడు. ఇంకో వింత కూడా ఉంది. ఒకే నేల మీద ఇద్దరు బాటసారులను ఒకే చోటి నుంచి వేర్వేరు బిళ్ళలతో నడిపిస్తే, ఎంతకాలం గడిచినా సాధారణంగా ఇద్దరూ ఒకే లోయ అడుగున దగ్గర దగ్గరగా ఉంటారు. దీనిని 1984లో గొలొసొవ్ చూపాడు. వారి గమ్యాన్ని చేతిలోని బిళ్ళ కాదు, నేల నిర్ణయిస్తోందన్నమాట.

పక్కదారి ఉంటే?

రేఖ మీద గుట్టను చుట్టి పోవడానికి దారి లేదు. ఎక్కి దాటవలసిందే. మరి చుక్కల ముగ్గులాంటి సమతలం మీద నడిస్తే? ప్రతి చుక్క నుంచీ నాలుగు వైపులకు పోవచ్చు. ప్రతి చుక్కకూ ఏ వైపు ఎంత అవకాశమో ఒక్కసారి విడివిడిగా చీటీలు తీసి నిర్ణయిద్దాం. ఏ వైపుకూ అవకాశం మరీ సున్న కాకుండా, కనీసం కొంతైనా ఉండేలా చూద్దాం. గుట్ట ఎదురైతే బాటసారి పక్కనుంచి పోవచ్చు. నిజంగా పోగలడా? జవాబులు దొరకని ప్రశ్నలు ఇక్కడే మొదలవుతాయి.

మొదటి ప్రశ్న: రేఖ మీద చూసినట్టు, ఒక దిక్కుకు శాశ్వతంగా పోతూ కూడా వేగం సున్న కావడం సమతలంలో జరుగుతుందా? జరగదని గణితజ్ఞుల నమ్మకం. చుట్టూ తిరిగి పోయే దారులు ఎన్నో ఉన్నాయి కదా! ఏయే షరతులుంటే వేగం తప్పక ఉంటుందో స్నిట్‌మన్ మొదలైనవారు కనిపెట్టారు. కానీ ఏ షరతూ అదనంగా లేకుండా ఎవరూ నిరూపించలేదు.

రెండవ ప్రశ్న: ఒకే విధంగా తయారైన నేల మీద బాటసారి శాశ్వతంగా తూర్పుకు పోవడానికి కొంత అవకాశం, శాశ్వతంగా పడమరకు పోవడానికి కొంత అవకాశం, రెండూ ఉండటం సాధ్యమేనా? 1981లో కాలికో ఈ ప్రశ్నను ముందుకు తెచ్చాడు. సమతలంలో సాధ్యం కాదని 2001లో జెర్నర్, మెర్కల్ నిరూపించారు. మూడు కొలతల అంతరాళంలో మాత్రం ప్రశ్న అలాగే మిగిలింది.

మూడవ ప్రశ్న: నేల మొత్తం మీద ఏ దిక్కుకూ పక్షపాతం లేకపోతే వర్గమూల నియమం తిరిగి వస్తుందా? నేల స్వభావం మామూలు నడకకు చాలా దగ్గరగా ఉంటే, మూడు అంతకంటే ఎక్కువ కొలతలలో వస్తుందని 1991లో బ్రిక్‌మాంట్, కుపియైనెన్ చూపారు. రెండు కొలతలలో, అంటే మన ముగ్గు మీద, ఇంకా తేలలేదు.

ఎందుకింత కష్టం? రేఖ మీద మనం ప్రతి గడికీ ఒక ఎత్తు కట్టగలిగాం. ముగ్గు మీద ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు రెండు దారులలో పోయి మెట్లు లెక్కపెడితే రెండు వేర్వేరు ఎత్తులు రావచ్చు. అంటే ‘ఎత్తు’ అనే మాటకే అర్థం లేకుండా పోతుంది. రేఖ మీద మనకు దారి చూపిన పటమే ఇక్కడ గీయడానికి వీలుకాదు.

ఈ రంగంలో మన దేశస్థుల కృషి తక్కువ కాదు. 1940లో మద్రాసులో పుట్టిన ఎస్.ఆర్. శ్రీనివాస వరదన్, చాలా అరుదైన సంఘటనల అవకాశాలను లెక్కకట్టే సిద్ధాంతానికి రూపమిచ్చి, 2007లో ఏబెల్ బహుమతి అందుకున్నారు. ఆ సిద్ధాంతాన్ని ఆయన యాదృచ్ఛిక పరిసరాల నడకలకు కూడా అన్వయించారు. కలకత్తాలోని భారత గణాంక సంస్థలో ఆయన పరిశోధనకు మార్గదర్శి మన తెలుగువారైన సి.ఆర్. రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన రావు గారు 2023లో కన్నుమూశారు. 1962లో ఆ సంస్థకు వచ్చిన రష్యన్ గణితజ్ఞుడు కొల్మొగోరోవ్, యువకుడైన వరదన్ తన పరిశోధనను వివరిస్తుండగా విన్నాడు. ఆ కొల్మొగోరోవ్ శిష్యుడే లోయలను చూపిన సీనాయ్. ఆయనకు 2014లో ఏబెల్ బహుమతి వచ్చింది.

ఇకపై ఎవరైనా ‘సగటున ఇంత’ అని చెబితే, ‘ఆ సగటులో అన్నిటినీ సమానంగా లెక్కపెట్టారా? కాలం నిజంగా ఎక్కడ గడుస్తోంది?’ అని అడగండి. పైన చెప్పిన మూడు ప్రశ్నలనూ నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. వాటికి జవాబు చెప్పవలసిన వారు ఇప్పుడు ఏ బడిలోనో చదువుకుంటూ ఉండవచ్చు.

మీరే చేసి చూడండి

1. మూడు గడుల గుట్టకు మూడు సమీకరణాలు రాసి, గెలిచే అవకాశం 1/40 అని నిరూపించండి.

2. రెండు బిళ్ళలకు బదులు మూడు ఎగరవేయండి. మూడూ బొమ్మలైతేనే బాణానికి ఎదురు నడవాలి. ఇప్పుడు రెండు గడుల గుట్టకు సగటున ఎన్ని ప్రయత్నాలు కావాలి? (జవాబు: 57.)

3. తరగతిలో ఒకే బాణాల పటానికి పది నకళ్ళు తీసి, పదిమంది ఒకే గడి నుంచి మొదలుపెట్టి తలా 200 అడుగులు నడిపించండి. మరో పదిమంది బాణాలు లేని మామూలు నడక నడిపించండి. చివర ఎవరి పిక్క ఎక్కడుందో నల్లబల్ల మీద గుర్తించి రెండు గుంపులనూ పోల్చండి.